కాదన్న తర్వాత: విదేశీ సేవకు రెండో దరఖాస్తు

(ఫైనల్ బి.యస్సీ. విద్యార్థిని)

చదువుకున్న యువతీ యువకులు తమ దేశం దాటి వెళ్ళి, జీతానికి కాక, ఒక నిర్ణీత కాలంపాటు అక్కడి ప్రజల మధ్య ఉండి పనిచేసి తిరిగి రావడాన్ని విదేశీ స్వచ్ఛంద సేవ అంటున్నాం. దీని గురించి మన కాలేజీ నోటీసు బోర్డు మీద ఏటా ఒకటో రెండో కాగితాలు కనిపిస్తుంటాయి. కొందరు ఉత్సాహంగా దరఖాస్తు పెడతారు. ఎక్కువమందికి "కాదు" అనే జవాబు వస్తుంది. అక్కడితో ఆ ఊసు ముగిసిపోతుంది. మళ్ళీ దరఖాస్తు పెట్టినవాళ్ళను మన సైన్సు బ్లాకులో వెతికితే వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది కూడా దొరకరు.

నేను కిందటి సంవత్సరం అలాంటి ఒక కార్యక్రమానికి దరఖాస్తు పెట్టాను. తూర్పు ఆఫ్రికాలోని పల్లెటూరి బడులలో పిల్లలకు సైన్సు ప్రయోగాలు చేసి చూపించే పని అది. గడువు ఒక ఏడాది. నన్ను తీసుకోలేదు. ఈ సంవత్సరం మళ్ళీ పెట్టాను. ఈ రెండు దరఖాస్తుల మధ్య చదివినవీ, పెద్దలను అడిగి తెలుసుకున్నవీ, చేసి చూసినవీ తోటి విద్యార్థులకు పనికొస్తాయన్న ఉద్దేశంతో ఈ వ్యాసం రాస్తున్నాను. ఆ సంస్థ పేరుతో ఇక్కడ పనిలేదు. ఎంపిక చేసే తీరు చాలా సంస్థల్లో కాస్త అటూ ఇటుగా ఒకటే.

ఈ సేవ ఎలా మొదలైంది?

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక 1920లో, స్విట్జర్లాండుకు చెందిన పియర్ సెరెసోల్ అనే ఇంజనీరు కొందరిని వెంటబెట్టుకుని ఫ్రాన్సులో వెర్డూన్ దగ్గరి ఒక ఊరికి వెళ్ళాడు. యుద్ధంలో నేలమట్టమైన ఊరది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి, నిన్నటిదాకా శత్రువులైన దేశాల మనుషులు ఒకేచోట పలుగూ పారా పట్టారు. ఆ చిన్న ప్రయత్నం నుంచి సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పుట్టింది. 1934 జనవరి 15న బీహారులో పెద్ద భూకంపం వచ్చినప్పుడు ఇదే సెరెసోల్ కొద్దిమంది సహచరులతో మన దేశానికి వచ్చి, ఊళ్ళు తిరిగి కట్టే పనిలో పాలుపంచుకున్నాడు. అంటే ఈ లావాదేవీలో మనం మొదట పుచ్చుకున్నవాళ్ళం. ఈ సంగతి గుర్తుంటే, "మనకే లేనప్పుడు పరాయి దేశానికి సేవ ఎందుకు?" అని అడిగేవారికి సగం జవాబు దొరికినట్టే.

తర్వాత 1958లో ఇంగ్లండులో అలెక్ డిక్సన్ వి.ఎస్.ఓ. అనే సంస్థను ప్రారంభించాడు. అప్పట్లో పద్ధెనిమిదేళ్ళు నిండి స్కూలు చదువు ముగించిన కుర్రాళ్ళను పంపేవారు. కాలం గడిచినకొద్దీ పంపే దేశమూ పుచ్చుకునే దేశమూ కూడా పని తెలిసినవాళ్ళను కోరుకున్నాయి. దానితో టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు ఎక్కువయ్యారు. 1961లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ పీస్ కోర్‌ను స్థాపించాడు. 1961 నుంచి 1976 వరకు ఆ వాలంటీర్లు మన దేశంలో కూడా పనిచేశారు. వారిలో లిలియన్ కార్టర్ అనే నర్సు 1966లో బొంబాయి పక్కన విక్రోలికి వచ్చినప్పుడు ఆమెకు 68 ఏళ్ళు. తర్వాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జిమ్మీ కార్టర్‌కు ఆమె తల్లి. ఇరవై ఏళ్ళకే "ఇక నా వల్ల కాదు" అనుకునే మనలాంటివాళ్ళు ఆ వయస్సును ఒకసారి తలచుకోవాలి.

1965లో జపాన్ తన యువ వాలంటీర్ల పథకాన్ని ప్రారంభించి, మొదటి జట్టును లావోస్‌కు పంపింది. 2016లో ఆ పథకానికి రామన్ మెగసెసె అవార్డు లభించింది. 1970లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ తీర్మానంతో యు.ఎన్. వాలంటీర్ల కార్యక్రమం ఏర్పడింది. దాని ముఖ్య కార్యాలయం 1996 నుంచి జర్మనీలోని బాన్‌లో ఉంది.

మనకు తెరిచి ఉన్న తలుపు ఏది?

దరఖాస్తు ఫారం ముందు పెట్టుకోకముందే తేల్చుకోవలసిన సంగతి ఇది. పీస్ కోర్‌లో అమెరికా పౌరులకే ప్రవేశం. జపాన్ పథకం జపాన్ పౌరులకే. వాటి గురించి చదవడం మంచిదేగాని అందులో మనకు చోటు లేదు. యు.ఎన్. వాలంటీర్ల కార్యక్రమంలో అన్ని దేశాలవారికీ అవకాశం ఉంది. 18 నుంచి 26 ఏళ్ళ లోపువారికి యువ వాలంటీర్లు అనే విభాగం వేరుగా ఉంది. 27 ఏళ్ళు దాటి, కొన్నేళ్ళ ఉద్యోగానుభవం ఉన్నవారికి మరో విభాగం. ఇంకో మంచి సంగతి ఏమిటంటే, మన దేశంలోనే ఉండి పనిచేసే జాతీయ వాలంటీర్లను కూడా అదే కార్యక్రమం తీసుకుంటుంది. ఇక్కడ పనిచేసిన అనుభవంతో ఆ తర్వాత బయటి దేశానికి ప్రయత్నించవచ్చు.

ఇందులో జీతం ఉండదు. ఉండటానికీ తినడానికీ సరిపడే జీవనభృతి, ప్రయాణపు ఖర్చు, ఆరోగ్య బీమా ఇస్తారు. డబ్బు కూడబెట్టుకుని వద్దామనుకునేవారికి ఇది దారి కాదు.

ఎంపిక ఎలా జరుగుతుంది?

మనలో చాలామంది దీన్ని ఎంట్రన్స్ పరీక్షలా అనుకుంటారు. ఎంట్రన్స్‌లో అందరికీ ఒకే ప్రశ్నపత్రం, మార్కులు, ర్యాంకు, ర్యాంకును బట్టి సీటు. ఇక్కడ తంతు వేరు. ముందు పని పుడుతుంది. ఒక దేశంలో ఒక బడికో, ఆసుపత్రికో, వ్యవసాయ శాఖకో ఫలానా పని తెలిసిన మనిషి ఒకరు కావాలని కబురు వస్తుంది. ఆ పనికి ఏమేమి రావాలో, ఏ భాష కావాలో, ఎంతకాలమో రాసి ప్రకటిస్తారు. వచ్చిన దరఖాస్తులను ఆ వివరానికి ఆనించి చూస్తారు. సరిపోయిన కొద్దిమందిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. తర్వాత ఆరోగ్య పరీక్ష, ప్రవర్తన గురించి విచారణ, ప్రయాణపు పత్రాలు.

మా ఫిజిక్స్ మాస్టారు దీన్ని ఒక్క మాటలో చెప్పారు: "వాళ్ళు తాళానికి తాళంచెవి వెతుకుతున్నారమ్మా. చెవి మంచిదా చెడ్డదా అని కాదు, ఈ తాళానికి పడుతుందా లేదా అని." తిరస్కారంలోని బాధలో సగం ఈ మాట అర్థమైతే తగ్గిపోతుంది.

ఇంటర్వ్యూ కూడా మనం అలవాటుపడిన తీరులో ఉండదు. "మీకు కష్టం వస్తే ఏం చేస్తారు?" అని అడగరు. "మీకు కష్టం వచ్చినప్పుడు ఏం చేశారు?" అని అడుగుతారు. ఆనాటి పరిస్థితి ఏమిటి, మీ వంతు పని ఏమిటి, మీరు చేసిందేమిటి, చివరికి ఏం జరిగింది – ఈ నాలుగూ వరుసగా చెప్పాలి. "చేస్తాను" అనే క్రియకు అక్కడ విలువ తక్కువ. "చేశాను" అనే క్రియకు ఎక్కువ.

మొలక తప్పిన చేను

మాది పల్నాడులో నల్లరేగడి నేల. పత్తి, మిరప వేస్తాం. వాన పడి నేల పదునెక్కగానే పత్తి విత్తనం పెడతారు. వారం తిరిగేసరికి మొలక కనిపించాలి. ఒక్కోసారి చేను సగం బోసిగా ఉంటుంది. అప్పుడు మా నాన్న విత్తనాల షాపుకు పరిగెత్తరు. మొలక రాని చోట కూర్చుని వేలితో మట్టి పెళ్ళగించి విత్తనాన్ని బయటికి తీస్తారు. విత్తనం పెట్టింది పెట్టినట్టే పొడిగా ఉంటే పదును చాలలేదని అర్థం. మొలకెత్తి పైకి రాలేక లోపలే వంకరపోయి ఉంటే లోతు ఎక్కువైందనో, పైమట్టి గట్టిపడిందనో అర్థం. పదునూ లోతూ బాగుండి కూడా మొలకెత్తకుండా కుళ్ళిపోతే విత్తనంలోనే సత్తువ లేదనుకోవాలి. కారణం తెలిశాకే పోగుంటలు పెట్టాలా, దున్నేసి మళ్ళీ వేయాలా, ఇంకో వానకోసం ఆగాలా అని తేల్చుకుంటారు. కారణం చూసుకోకుండా అదే విత్తనం, అదే లోతులో, అదే పొడినేలలో పెడితే రెండోసారి డబ్బు కూడా పోతుంది.

తిరస్కరించబడిన దరఖాస్తును కూడా ఇలాగే మట్టి తీసి చూడాలి. కారణాలు మూడు రకాలు.

మొదటిది పదును లేకపోవడం. అంటే ఆ ఏడు అక్కడ ఖాళీలు తక్కువ, లేదా పరిస్థితులు బాగుండలేదు. ఇందులో మన చేతిలో ఏమీ ఉండదు. 2020 మార్చిలో కరోనా వల్ల పీస్ కోర్ ప్రపంచమంతటి నుంచి సుమారు 7,000 మంది వాలంటీర్లను ఒక్కసారిగా వెనక్కి పిలిపించింది. మళ్ళీ వాలంటీర్లు బయలుదేరింది 2022 మార్చిలో. ఆ రెండేళ్ళలో ఎంత యోగ్యులైనా ఇంట్లో కూర్చోవలసిందే. ఇలాంటప్పుడు చేయవలసిందల్లా ఇంకో వానకు ఆగడం.

రెండవది లోతు. అంటే మనలో ఉన్న శక్తి కాగితం మీదికి మొలకై రాకపోవడం. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు ఇది ఎక్కువగా జరుగుతుంది. నీళ్ళ వంతులు చూడటం, కూలీల లెక్కలు రాయడం, చదువురాని పెద్దలకు బ్యాంకు కాగితాలు నింపిపెట్టడం, పశువుకు జబ్బు చేస్తే రాత్రంతా కనిపెట్టుకుని ఉండటం – ఇవన్నీ అనుభవమని మనకు తోచదు. ఇంటి పనే గదా అనుకుంటాం. పట్నంలో పెరిగినవాళ్ళు ఒక్కరోజు మొక్కలు నాటినా అది రాస్తారు. మనం పదేళ్ళు నాటినా రాయం.

మూడవది విత్తనం. అంటే ఆ పనికి కావలసిన చదువో, భాషో, అనుభవమో నిజంగానే మన దగ్గర ఇంకా లేకపోవడం. దీనికి మందు ఒక్కటే – సంపాదించుకోవడం. అందుకు కాలం పడుతుంది.

మరో మాట. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం వరి విత్తనానికి కనీస మొలక శాతం 80, వేరుశనగకు 70. అంటే ధ్రువీకరించిన మంచి సంచిలో కూడా నూటికి ఇరవయ్యో ముప్పయ్యో గింజలు మొలవకపోయినా దాన్ని మంచి విత్తనమనే అంటారు. విత్తనానికి ఇచ్చిన ఆ వెసులుబాటు మనిషి తనకు తాను ఇచ్చుకోవచ్చు.

కారణం ఎవరు చెబుతారు?

చాలా సంస్థలు కారణం రాయవు. నాకు వచ్చిన జవాబు నాలుగు వాక్యాలు. నాలుగో వాక్యంలో "తర్వాతి విడతలో దరఖాస్తు చేసుకోవచ్చు" అని ఉంది. వారం రోజుల తర్వాత నేను మర్యాదగా ఒక చిన్న ఉత్తరం పంపాను. "ఎందుకు తీసుకోలేదు?" అని అడగలేదు. అలా అడిగితే సంజాయిషీ కోరినట్టు ఉంటుందని మా ఇంగ్లీషు మేడమ్ చెప్పారు. "వచ్చే విడతకు నేను ఏ విషయంలో బలపడితే బాగుంటుంది?" అని అడిగాను. నెలకు జవాబొచ్చింది. ఎంపికైన వాళ్ళందరికీ పిల్లలకు క్రమంగా పాఠం చెప్పిన అనుభవం ఉందని అందులో రాశారు. ఒక్క వాక్యమే అయినా నాకు ఏడాదికి సరిపడా పని దొరికింది. జవాబు రానివాళ్ళు ప్రకటన కాగితాన్నే మళ్ళీ తీసి, అందులో అడిగిన ఒక్కొక్క అంశానికీ ఎదురుగా తమ దగ్గరున్న రుజువు రాసుకోవాలి. ఎక్కడ ఖాళీ మిగిలితే అక్కడ పని ఉందన్నమాట.

ఈ సందర్భంలో హోసే హెర్నాండెజ్ సంగతి చెప్పాలి. ఆయన వాలంటీరు కాదు, వ్యోమగామి. అయినా మళ్ళీ దరఖాస్తు పెట్టే విషయంలో ఆయనను మించిన పాఠం లేదు. మెక్సికో నుంచి వచ్చి కాలిఫోర్నియా పొలాల్లో కూలి చేసుకున్న కుటుంబం ఆయనది. నాసా ఆయన్ను 11 సార్లు కాదన్నది. ఎంపికైనవాళ్ళలో ఉన్నదీ తనలో లేనిదీ ఏమిటని ఆయన చూసుకున్నాడు. విమానం నడపడం నేర్చాడు, నీటి అడుగున ఈదడం నేర్చాడు, రష్యన్ భాష నేర్చాడు. 2004లో ఎంపికై, 2009లో అంతరిక్షానికి వెళ్ళాడు. పన్నెండో దరఖాస్తు పెట్టిన మనిషి, మొదటి దరఖాస్తు పెట్టిన మనిషి ఒకరు కాదని మనం గమనించాలి.

మధ్యలో ఉన్న ఏడాది

మొదటి దరఖాస్తుకూ రెండో దరఖాస్తుకూ మధ్య తేదీ తప్ప ఏమీ మారకపోతే జవాబు కూడా మారదు. మరి ఆ ఏడాదిలో ఏం చేయాలి?

మన కాలేజీలోనే ఎన్.ఎస్.ఎస్. ఉంది. 1969 సెప్టెంబరు 24న, గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన పథకం అది. ఏటా 120 గంటల చొప్పున రెండేళ్ళలో 240 గంటల పని, ఒక వారం రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. చాలామంది దీన్ని సర్టిఫికెట్టు కోసం చేరే చోటుగా చూస్తున్నారు. నిజానికి అక్కడ గంటలకు లెక్క ఉంటుంది, పనికి రికార్డు ఉంటుంది, సంతకం పెట్టే అధికారి ఉంటారు. ఏ దేశపు సంస్థ అయినా అడిగే రుజువులు ఇవే.

నేను మా ఎన్.ఎస్.ఎస్. దత్తత గ్రామంలోని హైస్కూలు హెడ్‌మాస్టరు గారిని అడిగి, ఎనిమిదో తరగతి పిల్లలకు ఆదివారం పూట సైన్సు ప్రయోగాలు మొదలుపెట్టాను. ఆ బడిలో లిట్మస్ కాగితాలు అయిపోయి ఉన్నాయి. మందార పూలరేకులు వేడినీళ్ళలో నానబెట్టి రసం తీశాం. నిమ్మరసం వేస్తే ఎర్రబడింది, సున్నపు నీళ్ళు వేస్తే ఆకుపచ్చకు తిరిగింది. పసుపు నీళ్ళలో సబ్బు కలిపితే ఎర్రగా మారింది. మొదటి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. నాలుగో ఆదివారానికి ముప్పైమంది దాటారు. ఒక పిల్ల, "అక్కా, మా చేలో మట్టికి కూడా రంగు మారుద్దా?" అని అడిగింది. నాకు వెంటనే తెలియలేదు, చేసి చూద్దామన్నాను. మరుసటి వారం పిల్లలు తలా ఒక పొట్లం మట్టి తెచ్చారు. నీళ్ళలో కలిపి తేర్చి మందార రసం వేశాం. కొన్నింట్లో రంగు కాస్త ఆకుపచ్చకు తిరిగింది, కొన్నింట్లో తేడా తెలియలేదు. సరైన కొలత కావాలంటే భూసార పరీక్ష కేంద్రానికి పంపాలని చెప్పి, మట్టి నమూనా తీసే పద్ధతి నేర్పించాను. ఇద్దరు పిల్లల తండ్రులు నిజంగానే పంపారు.

ఇది రాయడంలో నా ఉద్దేశం ఒకటి ఉంది. ఆ ఏడాది మొదట్లో ఆ బడి నా కళ్ళకు ఆఫ్రికాకు పోయే దారిలో ఒక స్టేషను. మూడు నెలలు తిరిగేసరికి అదే ఊరైంది. కాబట్టి ఏడాదిలో చేయవలసిన పని ఎన్నుకునేటప్పుడు ఒక్క పరీక్ష పెట్టుకోవాలంటాను: రెండోసారి కూడా కాదంటే, ఈ పని దండగ అనిపిస్తుందా? దండగ అనిపించే పనైతే వేరే పని చూసుకోవాలి.

మిగతా ఏర్పాట్లు క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లీషు రోజూ కాసేపు పైకి మాట్లాడాలి. చదివితే వచ్చే భాష వేరు, నోరు తిరిగితే వచ్చే భాష వేరు. ఆఫ్రికాలో చాలా దేశాల్లో ఫ్రెంచి నడుస్తుంది గనుక అది కొంత నేర్చినా లాభమే. పాస్‌పోర్టు ముందే తీసుకోవాలి. పెద్దలకు పదేళ్ళు చెల్లుతుంది. పదో తరగతి సర్టిఫికెట్టులోనూ ఆధార్‌లోనూ పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోవాలి. మన పల్లెల్లో ఈ తేడాలు మామూలు. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో కొన్ని దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతనే ఆ సర్టిఫికెట్టు చెల్లుతుంది. 2016 నుంచి అది జీవితాంతం చెల్లుబాటవుతోంది. పళ్ళు, కళ్ళు, రక్తహీనత వంటివి ఇక్కడే చూపించుకోవడం మంచిది. మన గురించి ఉత్తరం రాసే పెద్దలు హోదా గలవారు కావడంకన్నా మన పనిని కళ్ళతో చూసినవారు కావడం ముఖ్యం.

రెండో దరఖాస్తు రాసే తీరు

పాత దరఖాస్తును పక్కన పెట్టి కొత్త కాగితం మీద మొదలుపెట్టాలి. ఉదాహరణకు ఈ రెండు పేరాలు చూడండి.

"నాకు చిన్నప్పటినుంచి సేవ అంటే మక్కువ. పేద పిల్లలకు చదువు చెప్పాలన్నది నా ఆశయం. అవకాశమిస్తే అంకితభావంతో పనిచేస్తాను."

"ఒక గ్రామీణ ఉన్నత పాఠశాలలో 26 ఆదివారాలు ఎనిమిదో తరగతికి ప్రయోగాలు చేయించాను. సామాను లేనందున మందార, పసుపు, నిమ్మ, సున్నంతో ఆమ్ల క్షార పాఠం నడిపాను. హాజరు 9 నుంచి 34కు పెరిగింది. ప్రయోగాల పుస్తకం ఒకటి పిల్లలే రాసి బడికి ఇచ్చారు."

మొదటి పేరాలో అబద్ధం లేదు. అయితే దాన్ని ఎవరైనా రాయవచ్చు. రెండోదాన్ని ఆ పని చేసినవారే రాయగలరు. ఎవరైనా రాయగలిగిన వాక్యం ఎంపిక చేసేవారికి ఏమీ చెప్పదు.

ముందు ఒకసారి దరఖాస్తు పెట్టిన సంగతి దాచవలసిన అవసరం లేదు. "కిందటి విడతలో దరఖాస్తు చేశాను. అప్పటినుంచి ఇప్పటివరకు ఫలానా పని చేశాను" అని రెండు వాక్యాల్లో చెబితే చాలు. బతిమాలడం, నిష్ఠూరమాడటం రెండూ పనికిరావు. పొలం పనుల అనుభవం కూడా రాయాలి. ఎకరాలు, నెలలు, మనుషుల లెక్కతో రాస్తే అది పని అనుభవంగానే కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. ఐక్యరాజ్యసమితి సంస్థలు దరఖాస్తుకు గాని, ఇంటర్వ్యూకు గాని, నియామకానికి గాని, ఏ దశలోనూ రుసుము వసూలు చేయవు. "ఈసారి తప్పక వచ్చేలా చేస్తాం, కొంత ముట్టజెప్పండి" అనే దళారులు ఒకసారి కాదనిపించుకున్నవారినే వెతుక్కుంటూ వస్తారు. ఆశ మిగిలినచోటే వాళ్ళ వ్యాపారం. అడిగినవాడు ఎంత పెద్ద ఉత్తరం చూపినా రూపాయి కూడా ఇవ్వవద్దు.

ఇంట్లో వాళ్ళ మాట

రైతు ఇంట్లో ఏడాది అంటే చిన్న మాట కాదు. ఏడాది అంటే ఒక పంట. ఆడపిల్ల విషయంలో ఏడాది అంటే వచ్చిన సంబంధాలను వెనక్కి పంపడం కూడా. మొదటిసారి కాదన్నప్పుడు మా నాయనమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది. మళ్ళీ పెడతానన్నప్పుడు మా నాన్న, "మన చేలో పత్తి తీసేదానికి మనిషి దొరకడంలేదు. నువ్వు దేశంగాని దేశంలో ఊరికే చేసొస్తానంటున్నావు. ఇందులో న్యాయమేందమ్మాయ్?" అన్నారు.

అది కోపంతో అన్న మాట కాదు. నిజంగా అడిగిన ప్రశ్న. దానికి నినాదాలు జవాబు కావు. నేను మూడు సంగతులు చెప్పాను. అక్కడ ఉండే కాలం ఏడాదే, తిండీ ఖర్చూ వాళ్ళే చూస్తారు. తిరిగి వచ్చాక బి.ఎడ్. చేస్తాను, ఆ అనుభవం నాకు టీచరుగా పనికొస్తుంది. ఈసారి కూడా కాదంటే మూడోసారి అడగను, ఎం.యస్సీ.కో బి.ఎడ్.కో వెళ్ళిపోతాను. ఆయన చాలాసేపు ఊరుకుని, "ఒక్క ఏడాదే" అన్నారు. ఆ ఒక్క మాట వెనక మా అమ్మ ఈ ఏడు తాను అదనంగా చేసిన పత్తితీత ఉందని నాకు తెలుసు.

అందుకే దరఖాస్తు పెట్టే ప్రతివారూ ఎన్నిసార్లు పెడతామో ముందే లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. హెర్నాండెజ్ పన్నెండుసార్లు పెట్టగలిగాడంటే అప్పటికి ఆయనకు ఉద్యోగం ఉంది. మన వెనక ఇంకొకరి చెమట ఉన్నప్పుడు పట్టుదలకు కూడా ఒక గట్టు వేసుకోవాలి. అలా గట్టు వేసుకోవడం ఓటమి కాదు.

చివరగా

మిత్రులారా, చెప్పదలచుకున్నది ఇంతే. "కాదు" అన్న జవాబు వచ్చినప్పుడు అది పదునుకు సంబంధించిందా, లోతుకు సంబంధించిందా, విత్తనానికి సంబంధించిందా అని తేల్చుకోండి. మర్యాదగా అడగండి. ఏడాది కాలాన్ని దరఖాస్తు కోసం కాకుండా పని కోసం ఖర్చు పెట్టండి. ఆ పనే రెండో దరఖాస్తును రాస్తుంది.

నా రెండో దరఖాస్తుకు ఈ సంచిక అచ్చయ్యేలోగా జవాబు రాదు. ఏ జవాబు వచ్చినా జూన్‌లో బడి తెరుస్తారు. ఇప్పటి ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిదిలోకి వస్తారు, కొత్తవాళ్ళు ఎనిమిదిలోకి వస్తారు. నేను ఇక్కడ ఉన్నా లేకపోయినా ఆ ఆదివారాలు ఆగకూడదని ఇద్దరు సెకండియర్ విద్యార్థులు బాధ్యత తీసుకున్నారు. ఇంకో ఇద్దరు కావాలి. ఆఫ్రికా వెళ్ళాలన్న కోరిక ఉన్నా లేకపోయినా ఫరవాలేదు. ఆసక్తి గలవారు ఎన్.ఎస్.ఎస్. గదిలో పేరు ఇవ్వవచ్చు. బస్సు ఉదయం ఏడింటికి, మందార పూలు మాత్రం ఎవరికి వారే తెచ్చుకోవాలి.